అడ్మిరల్ రికోవర్ పుస్తకాలు వెతికిపెట్టిన పాతపుస్తకాల అంగడి

చెన్నై సెంట్రల్ స్టేషను నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక పాతపుస్తకాల అంగడిలో, ఉన్న పుస్తకాలు అమ్మడమే కాక, మనం అడిగినవాటిని వెతికి తెప్పించే పనీ చేస్తారు. యజమాని తెలుగువారు. 1985లో మూర్ మార్కెట్ తగలబడేనాటికి తమ తండ్రిగారికి అందులో ఒక చిన్న కొట్టు ఉండేదని, తాము ఈ వ్యాపారం అక్కడే నేర్చుకున్నామని చెప్పారు. నేను అడిగినది అమెరికా నౌకాదళాధికారి హైమన్ రికోవర్ జీవితచరిత్ర, దానితోపాటు చదువుల గురించి ఆయన రాసిన పుస్తకాలు. పేరూ ఫోను నంబరూ పొడవాటి ఖాతాపుస్తకంలో రాసుకుని, మూడు వందల రూపాయల బయానా పుచ్చుకుని, నెల రోజులు గడువు చెప్పారు. పట్టినది ఏడు వారాలు.

నాకు ఆ అంగడిపై గౌరవం కలిగినది మాత్రం ఆలస్యం తరువాతనే. నౌకాదళాధికారి అనగానే యుద్ధాల అరల్లో వెతికి ఊరుకుంటారేమో అనుకున్నాను. యజమాని మాత్రం, "ఈయన పుస్తకాలు టీచర్ ట్రైనింగ్ వాళ్ల సరుకులోనే దొరుకుతాయండీ" అని, మూతపడిన ఒక కళాశాల గ్రంథాలయం నుంచి కొన్న కట్టల్లోంచి రెండింటిని తీశారు. అణుజలాంతర్గాముల పితామహుడిగా పేరొందిన రికోవర్, సోవియట్ యూనియన్ 1957లో తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను ప్రయోగించిన తరువాత, అమెరికా బడుల్లో గణితమూ విజ్ఞానశాస్త్రమూ భాషలూ పలచబడ్డాయని బహిరంగంగా వాదించి, 1959లో విద్యపై ఒక పుస్తకం, 1962లో స్విట్జర్లాండ్ బడులతో పోలుస్తూ మరొకటి ప్రచురించారు. నాకు దొరికినవి ఆ రెండే.

జీవితచరిత్ర మాత్రం వేరే చోటి నుంచి వచ్చింది. పోలండ్‌లో 1900లో పుట్టి, చిన్నతనంలోనే షికాగో చేరి, హైస్కూలు రోజుల్లో టెలిగ్రాములు పంచిన కుర్రవాడు నౌకాదళంలో చేరడం, పదోన్నతుల మండలి రెండుసార్లు పక్కన పెట్టాక 1953లో కాంగ్రెస్ సభ్యుల ఒత్తిడితో రియర్ అడ్మిరల్ కావడం, 1955 జనవరిలో తొలి అణుజలాంతర్గామి నాటిలస్ అణుశక్తితో సముద్రంలోకి బయలుదేరడం చదువుతుంటే రాత్రి పొద్దుపోయినట్లు తెలియలేదు. రియాక్టరు నడపవలసిన ప్రతి అధికారినీ ఆయన స్వయంగా ఇంటర్వ్యూ చేసి, ఆ తరువాత దాదాపు ఆరు నెలలు తరగతి గదిలోను, మరో ఆరు నెలలు నేలమీద కట్టిన నమూనా రియాక్టరు దగ్గర శిక్షణ ఇప్పించేవారు. తరువాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ యువకుడిగా ఇంటర్వ్యూకు వెళ్లి, తన తరగతిలో 820 మందిలో 59వ స్థానం వచ్చిందని గర్వంగా చెప్పగా, శక్తిమేరకు చదివావా అని అడిగారట. కార్టర్ లేదని ఒప్పుకోగా, ఎందుకు చదవలేదని అడిగి ఊరుకున్నారట. బడుల గురించి ఆయనకున్న ఆగ్రహం ఈ ఇంటర్వ్యూల గది నుంచే పుట్టిందని నా అభిప్రాయం. ఆయన కోరిన కాఠిన్యం మన ఊళ్లలో ర్యాంకుల కోచింగులకు సాకుగా మారుతుందేమోనన్న సందేహం కూడా నాకుంది.

ఫిర్యాదు ఒకటే, కానీ పెద్దది. జీవితచరిత్ర పూర్తి ప్రతి అని చెప్పి ఇచ్చారు. చివర ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, లేవు. పోయినవి ఏ పేజీలన్నది గమనించాలి. 63 ఏళ్ల కొలువు తరువాత 1982లో ఆయనను విరమింపజేయడం, జలాంతర్గాములు కట్టే జనరల్ డైనమిక్స్ సంస్థ నుంచి ఏళ్ల తరబడి అందుకున్న 67 వేల డాలర్లకు పైబడిన కానుకలకు 1985లో నౌకాదళ కార్యదర్శి అభిశంసన లేఖ ఇవ్వడం, ఆ పేజీల్లోనే ఉన్నాయి. అవి లేని ప్రతిలో అడ్మిరల్ మచ్చలేని మనిషిగా మిగిలిపోతారు. సంగతి చెప్పగానే యజమాని వాదించకుండా, వేరే ప్రతి నుంచి ఆ పేజీలు జిరాక్స్ తీయించి, బైండు చేయించి, పన్నెండు రోజులకు నా చేతికిచ్చారు. నూట యాభై రూపాయలు వెనక్కి ఇచ్చారు. మూడు పుస్తకాలకూ కలిపి చివరికి అయినది తొమ్మిది వందల యాభై. రసీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు.

వెళ్లేవారు సాయంత్రం నాలుగు దాటాక వెళ్లడం మంచిది, పగలు ఆయన సరుకు కొనడానికి తిరుగుతుంటారు. ఏ పుస్తకమైనా డబ్బు ఇచ్చేముందు అక్కడే కూర్చుని పేజీల అంకెలు చూసుకోవాలి. ఒక ముక్కాలి పీట వేస్తారు.