లామార్ లోయలో తోడేళ్లు: మ్యాప్ ఎంతవరకు పనికొచ్చింది?

అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో తోడేళ్లను చూడాలనుకుంటే ఈశాన్య భాగంలోని లామార్ లోయకే వెళ్లండి. చూపు ఆనినంత మేరా గడ్డి మైదానం, దాని పక్కనే రోడ్డు. 1995లో కెనడా నుంచి తెచ్చిన తొలి తోడేళ్లను వదిలింది కూడా ఈ పరిసరాల్లోనే.

బయల్దేరే ముందు ఐనాచురలిస్ట్ (జనం తాము చూసిన జంతువులు, మొక్కల ఫోటోలు పెట్టే వెబ్‌సైట్) మ్యాప్‌లో తోడేళ్ల గుర్తులన్నీ చూశాను. కింద మొన ఉన్న గుర్తు, ఫోటో ఇచ్చినవాళ్లు పెట్టిన చోటే కనిపిస్తుంది. గుండ్రటి చుక్క అలా కాదు. అసలు చోటు దాచేసి, 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెడతారు. ఈ అక్షాంశం దగ్గర ఆ గడి సుమారు 22 కిలోమీటర్ల పొడవు, 16 కిలోమీటర్ల వెడల్పు! దాన్ని పట్టుకుని వెతకడం దండగ. అయినా ఇలా దాచడమే న్యాయం. పిల్లలున్న గుహ ఎక్కడో అందరికీ తెలిస్తే ఆ తల్లి అక్కడ ఉండగలదా?

ఇంకో మాట. గుర్తులు రోడ్డు వెంబడే బారులు తీరి ఉంటాయి. తోడేళ్లు అక్కడ తిరిగాయని కాదు, ఫోటో తీసినవాళ్లు అక్కడ నిలబడ్డారని. జంతువు కిలోమీటరు అవతల ఉండొచ్చు. అందుకే నేను మ్యాప్‌ను ఎక్కడ కారు ఆపాలో తేల్చుకోవడానికే వాడాను. స్లూ క్రీక్ మలుపు, లామార్‌లో కార్లు ఆపే చోట్లు గుర్తుపెట్టుకుని, తెల్లవారకముందే చేరుకోవాలి.

బసకి పార్కు ఉత్తర ద్వారం దగ్గరి గార్డినర్ ఊళ్లో గదులు ఎక్కువ, కానీ లోయకి చీకట్లో గంట ప్రయాణం. సిల్వర్ గేట్, కుక్ సిటీ చిన్న ఊళ్లు, వసతులు తక్కువ, లోయకి మాత్రం దగ్గర. తోడేళ్లే ముఖ్యమైతే నా ఓటు సిల్వర్ గేట్‌కే. చలికాలంలో ఆ ఊళ్లకి కారులో గార్డినర్ వైపు నుంచే రావాలి.

లోయలో ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. గూగుల్ మ్యాప్స్, నేషనల్ పార్క్ సర్వీస్ (NPS) యాప్ రెండిట్లోనూ ఈ ప్రాంతాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అక్కడికి చేరాక మ్యాప్ కన్నా మనుషులే మేలు. స్టాండు మీద స్కోపు (దూరం చూసే దుర్భిణి) పెట్టుకుని వరుసగా నిలబడిన వాళ్లు కనిపిస్తే ఆగి, మెల్లగా అడగండి. నాకు తొలి తోడేలును చూపించింది అలాంటి ఓ పెద్దావిడ స్కోపే. మామూలు బైనాక్యులర్‌లో అది చుక్కంతే. స్కోపు అద్దెకి దొరికితే తప్పక తీసుకోండి. తోడేలుకి కనీసం 91 మీటర్ల దూరం పాటించాలన్నది పార్కు నియమం, అదే దగ్గరికొస్తే మీరే వెనక్కి జరగాలి.