హ్వేలో తిండి: చిన్న గిన్నెలు, గట్టి కారం

వియత్నాం వెళ్లొచ్చిన మనవాళ్లని కదిపితే హనోయ్, హాలాంగ్ బే, బానా హిల్స్‌లో ఆ పెద్ద చేతుల వంతెన, ఇదే వరస. హ్వే మాటెత్తితే "కోట ఉంటుంది కదా, దనాంగ్ నుంచి పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేశాం" అంటారు. కోట వరకైతే అది చాలు. తిండి కోసం వెళ్లేవాళ్లు మాత్రం రాత్రుళ్లు ఆ ఊళ్లోనే ఉండాలి. అక్కడి మంచి తిండిలో సగం తెల్లవారుజామున, మిగతా సగం మధ్యాహ్నం మూడు దాటాక దొరుకుతుంది. టూరిస్టు బస్సులు ఊళ్లో తిరిగే వేళకి ఆ గంపలూ ఉండవు, ఆ బళ్లూ ఉండవు.

ఇంకో సంగతి, కారం. వియత్నాం తిండి చప్పగా ఉంటుందని పచ్చడి ప్యాకెట్లు సర్దుకుని వెళ్లేవాళ్లం మనం. హనోయ్ వరకు అది నిజమే అనుకోండి. హ్వే వాళ్లు ఆ దేశంలోనే కారం ఎక్కువ తినేవాళ్లని పేరు. బల్ల మీద పచ్చిమిరప ముక్కలు, నూనెలో వేయించిన ఎండుమిరప ముద్ద ఎప్పుడూ సిద్ధం. మా పచ్చడి ప్యాకెట్లు విప్పకుండానే తిరిగొచ్చాయి.

1802 నుంచి 1945 వరకు న్గుయెన్ రాజుల రాజధాని ఇది. కొంచెం కొంచెంగా నాలుగు రకాలు చిన్న గిన్నెల్లో ముందు పెట్టే పద్ధతి ఆ కోట వంటశాల నుంచే ఊళ్లోకి వచ్చిందంటారు. తు దుక్ రాజుకి పూటకి యాభై రకాలు వండేవారని కథ కూడా ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఇద్దరు మనుషులు ఒక పూట నాలుగైదు రకాలు రుచి చూసి మామూలుగా నడిచి గదికి చేరగలిగే ఊరు ఇది.

ముందుగా బాన్ బేవ్. బియ్యప్పిండి జావని గవ్వంత లోతుండే పింగాణీ సాసర్లలో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పైన ఎండురొయ్యల పొడి, వేయించిన పంది తోలు ముక్క, ఉల్లికాడల నూనె. ఒక్కో పళ్లెంలో పదో పన్నెండో సాసర్లు వరసగా పేర్చి తెచ్చి పెడతారు. తీపి కలిసిన చేపల సాస్‌లో పచ్చిమిరప చక్రాలు తేలుతుంటాయి. అది ఒక చెంచాడు సాసర్లో వంచి, అంచు చుట్టూ చెంచా తిప్పి, మొత్తం ఒకే గుటకలో నోట్లోకి. కోస్తాలో పుట్టినవాళ్లకి రొయ్యపొడి కొత్త కాదు గానీ, దాన్ని ఇంత మెత్తటి పిండి మీద చల్లవచ్చని నాకెప్పుడూ తట్టలేదు. దాంతోపాటే ఆకులో చుట్టిన బాన్ నమ్, కర్రపెండలం పిండితో అద్దంలా మెరుస్తూ లోపలి రొయ్య బయటికి కనబడే బాన్ బోత్ లోక్ చెప్పుకోండి. ఫో దుక్ చిన్ వీధిలోని హాన్ హోటల్లో ఇవన్నీ కలిపి వరసగా తెచ్చే భోజనం ఉంది. విదేశీయుల రద్దీ ఉన్నా రుచి తగ్గలేదు. నిమ్మగడ్డి పుల్లకి పంది కైమా పట్టించి కాల్చిన నెమ్ లుయిని బియ్యప్పిండితో చేసిన పల్చటి కాగితంలాంటి రేకులో ఎలా చుట్టాలో చూపించి మరీ పెట్టారు.

హ్వే అసలు రుచి నాకు తెలిసింది మాత్రం కోమ్ హెన్‌తో. నది మధ్యలో కోన్ హెన్ అనే లంక ఉంది, అక్కడి వీధి హోటళ్లు దీనికే పేరు. గోరంత గుల్లలు, కింద చల్లారిన అన్నం. వేడన్నం కాదు, కావాలనే చల్లార్చినది. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న పెద్దామె చుట్టూ చిన్న గిన్నెలు పది దాకా ఉన్నాయి. ఆమె చెయ్యి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చూడకుండానే పోతోంది: సన్నగా తరిగిన ఆకులు, వేరుశెనగలు, నువ్వులు, కరకరలాడే పంది తోలు, ఎర్ర కారం నూనె, చివర చెంచా కొసన మామ్ రువోక్, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. ఆ వాసన మచిలీపట్నం ఎండుచేపల అంగట్లో నిలబడ్డట్టే ఉంటుంది. గుల్లలు ఉడికించిన వేడి నీళ్లు పక్కన వేరే గిన్నెలో. చల్లటి అన్నం ఒక ముద్ద, వేడి నీళ్లు ఒక గుక్క. కళ్లల్లో నీళ్లు తిరిగేంత కారం. గిన్నె ఇరవై వేల డాంగ్‌ల లోపే. మూడు వందల డాంగ్‌లు రూపాయి లెక్కన డెబ్బై రూపాయలు కూడా కాదు.

బున్ బో హ్వే గురించి ఒక మాట. ఊరి పేరు మోసే నూడుల్స్ ఇదే, పొద్దున్నే తినాలి, చాలా చోట్ల తొమ్మిది దాటితే కుండ ఖాళీ. కానీ 'బో' అంటే గొడ్డుమాంసం. ముక్కలు తీసేయమన్నా పులుసు ఆ ఎముకలదే. తినేవాళ్లకి నిమ్మగడ్డి, మిరప కలిసిన ఆ ఎర్ర పులుసు ముందు హనోయ్ నూడుల్స్ పులుసు ఫో పథ్యం కూడులా తోస్తుంది. తిననివాళ్లు మధ్యాహ్నం బాన్ కాన్ నామ్ ఫో కోసం చూడండి: మందపాటి పిండి నూడుల్స్, పీతలు, రొయ్యలతో చిక్కటి నారింజ రంగు పులుసు. నామ్ ఫో ఊరి ఆడవాళ్లు కావడి భుజాన వేసుకుని వీధుల్లో తిరిగి అమ్మేది.

నాతో వచ్చిన మా వదిన శాకాహారి. వియత్నాంలో శాకాహారికి అసలు శత్రువు మాంసం కాదు, చేపల సాస్. కూరగాయల వేపుడులోనూ అదే ఉంటుంది. కానీ హ్వే గుళ్ల ఊరు. బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో మొదటి రోజు, పున్నమి రోజు మాంసం ముట్టరు. అందుకే శాకాహార హోటళ్లు టూరిస్టుల కోసం పెట్టినవి కావు, ఊరివాళ్లతోనే నిండి ఉంటాయి. బోర్డు మీద 'చై' అని కనబడితే లోపలికి వెళ్లిపోవచ్చు. లే క్వీ దోన్ వీధిలోని లియెన్ హోవాలో ఆమె కోసం రొయ్యల్లేని బాన్ బేవ్, పనసకాయ కూర, పుట్టగొడుగుల పులుసు దొరికాయి. సోయాతో చేసిన చేపని మాత్రం వెనక్కి నెట్టేసింది. "చేప వద్దనుకునేవాళ్లకి చేప ఆకారం ఎందుకమ్మా?" అంది. సర్వర్‌కి అర్థం కాలేదు గానీ నవ్వాడు.

తీపికి హుంగ్ వువోంగ్ వీధి సందులోని చే హెమ్. చే అంటే పాకంలోనో కొబ్బరిపాలలోనో పప్పులు, గింజలు, పండ్లు వేసి మంచు ముక్కలతో ఇచ్చేది. తామర గింజల చే అన్నిటికన్నా బాగుంది. టిన్ టామ్ చెరువు తామర గింజలకి అక్కడ పేరు. కాల్చిన పంది ముక్కని పిండిలో చుట్టి తీపి పాకంలో వేసినది కూడా ఉంది. "పాయసంలో పందా? నువ్వు తిను, నేను చూస్తా" అంది వదిన. తిన్నాను. ఒక్కసారి చాలు.

ఉప్పు కాఫీ ఈ ఊళ్లోనే 2010లో న్గుయెన్ లువోంగ్ బాంగ్ వీధిలో పుట్టింది, ఇప్పుడు దేశమంతా ఉంది. గ్లాసు అడుగున చిక్కటి తీపి పాలు, పైన ఉప్పు కలిపిన నురగ మీగడ, మీద ఫిన్ అనే చిన్న ఫిల్టర్ నుంచి చుక్కలు చుక్కలుగా దిగే రోబస్టా డికాషన్. ఫిల్టర్ కాఫీ తాగే మనకి ఆ చేదు బెదురు కాదు, ఉప్పు మీగడే మొదటి గుక్కకి వింత. కలిపి తాగండి, పొరలు పొరలుగా తాగితే చివర ఉత్త తీపి మిగులుతుంది. బీరు తాగేవాళ్లకి ఊరి సొంత సరుకు హూడా. డెన్మార్క్ సాంకేతికతతో 1990లో మొదలైన బ్రూవరీది, పేరులోనే హ్వే, డెన్మార్క్ రెండూ ఉన్నాయి. గ్లాసులో మంచుగడ్డ వేసి పోస్తారు. ఆ ఎండలో అభ్యంతరం చెప్పాలనిపించదు.

డబ్బు దండగ అనిపించినవి రెండు. ఒకటి, రాజవేషాలు కట్టించి తినిపించే 'రాజభోజనం'. అనాసపండుకి నెమలి తలలాగా క్యారెట్ చెక్కి, ఒంటికి స్ప్రింగ్ రోల్స్ గుచ్చి తెస్తారు. ఫొటోకి బాగుంటుంది, రోల్స్ చల్లబడి ఉంటాయి. రెండోది సాయంత్రం డ్రాగన్ పడవ. తియెన్ మూ గుడి వరకు పగటిపూట వెళ్తే నది బాగుంటుంది. మేము ఎక్కిన సాయంత్రం పడవలో ఇంజిన్ మోత ఒక చెవిన, పట్టు బట్టలు కొనమనే పోరు ఇంకో చెవిన.

బసకి రెండు వైపులా చూశాం. నదికి దక్షిణాన ఫామ్ న్గు లావ్, వో థి సావ్ వీధుల దగ్గర హోటళ్లు చవక, తిండి కాలి నడకలో దొరుకుతుంది, కానీ బార్ల పాటలు అర్ధరాత్రి దాటినా ఆగవు. ఉత్తరాన కోటగోడ లోపలి హోమ్‌స్టేలు చిన్న తోటలతో ప్రశాంతంగా ఉంటాయి, రాత్రి బయటికి రావాలంటే ఫోన్ యాప్‌లో గ్రాబ్ బండి పిలవాలి. నన్నడిగితే కోట లోపలే. ఎక్కడ దిగినా హోటల్ టిఫిన్ డబ్బు కట్టకండి, ఆ వేళకే వీధిలో అసలు తిండి ఉండేది. సైక్లో (అక్కడి రిక్షా) ఎక్కేముందు బేరం తేల్చుకోండి, గ్రాబ్‌తో ఆ గొడవ లేదు. ఐదు లక్షల నోటు, ఇరవై వేల నోటు రెండూ నీలంగానే ఉంటాయి, చీకట్లో సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి.

దనాంగ్ నుంచి రైల్లో రండి. వంద కిలోమీటర్లకి మూడు గంటలు పడుతుంది, హై వాన్ కనుమ దాటేటప్పుడు కుడివైపు కిటికీలో సముద్రం. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం వద్దు, వానలకి వీధులే మునుగుతాయి. తిరిగొచ్చేముందు దోంగ్ బా మార్కెట్లో నువ్వుల మిఠాయి మే షుంగ్, నిమ్మగడ్డి కారం సీసాలు కొన్నాం. మామ్ రువోక్ కూడా కొనబోతే వదిన సూట్‌కేసు మూత వేసేసింది. కారం సీసాలు చేతి సంచిలో కాకుండా చెకిన్ సామానులో పెట్టండి, వంద మిల్లీలీటర్లు దాటితే విమానాశ్రయంలో తీసేస్తారు.