వాల్ట్జ్‌లో మొదటి మలుపు: కుడికా, ఎడమకా?

జంటగా ఆడే వాల్ట్జ్ నాట్యంలో బాక్స్ స్టెప్ (నేల మీద చతురస్రం గీసినట్టు వేసే ఆరు అడుగులు) కాళ్లకు పట్టుబడ్డాక ఇక తిరగడం నేర్చుకోవాలి. కొత్తవాళ్ల ముందు మూడు దారులుంటాయి: కుడికి తిరిగే నేచురల్ టర్న్, ఎడమకి తిరిగే రివర్స్ టర్న్, దాదాపు ఉన్నచోటే తిరిగే లెఫ్ట్ బాక్స్ టర్న్. నన్నడిగితే మొదట నేచురల్ టర్నే నేర్చుకోవాలి.

కారణం జంట ఒకరినొకరు పట్టుకుని నిలబడే తీరులోనే ఉంది. వాల్ట్జ్‌లో ఇద్దరూ ముక్కుకి ముక్కు ఎదురుగా నిలబడరు. ఎవరికి వాళ్లకి పార్ట్‌నర్ కాస్త కుడి పక్కన ఉంటారు. అందువల్ల లీడ్ చేసేవాళ్లు, అంటే జంటని నడిపించేవాళ్లు, కుడి కాలు ముందుకు వేస్తే అది అవతలివాళ్ల రెండు పాదాల మధ్యకి వెళ్తుంది. నేచురల్ టర్న్ మొదలయ్యేది ఆ అడుగుతోనే. కుడి కాలితోపాటు ఒంట్లో ఎడమ పక్క ముందుకు వస్తుంది. ఆ వైపు ఖాళీయే కాబట్టి ఒళ్లు సులువుగా కుడికి మళ్లుతుంది. రివర్స్‌లో ముందుకు వేసేది ఎడమ కాలు, దాంతో రావాల్సింది కుడి పక్క. సరిగ్గా ఆ పక్కనే పార్ట్‌నర్ ఉన్నారు! ఆ ఇరుకులో ఏం చేయాలో తోచక చాలామంది చేతులతో అవతలివాళ్లని తిప్పేస్తారు. ఈ అలవాటు ఒకసారి పడిందంటే వదిలించుకోవడం చాలా కష్టం. నేచురల్ ముందు నేర్చుకోమనడం ప్రధానంగా ఇందుకే.

లెక్కలో మాత్రం రెండూ కవలలే. ఆరు అడుగులు, ముప్పావు చుట్టు. నిమిషానికి 30 బార్ల వేగంలో (బార్ అంటే మూడు బీట్లు, బీటుకో అడుగు) నాలుగు సెకన్ల పని. రెండింటిలోనూ ముందుకు నడిచేవాళ్లు మలుపుకి బయటి వైపు ఉంటారు కాబట్టి వాళ్ల అడుగు పెద్దది, వెనక్కి నడిచేవాళ్ల అడుగు చిన్నది. మూడు అడుగుల తర్వాత ఈ పాత్రలు తారుమారవుతాయి. లీడ్ చేసేవాళ్లు నాలుగో అడుగు వెనక్కి వేసి, ఐదో అడుగు కూడా పెద్దగా పక్కకి వేస్తే పార్ట్‌నర్ వాళ్ల చుట్టూ పరుగెత్తాల్సి వస్తుంది. ఫాలో అయ్యేవాళ్ల అవస్థల్లో సగం ఇక్కడే పుడతాయి.

హాల్లో అందరూ గడియారం ముళ్లకి ఎదురు దిశలో సాగుతారు. నేచురల్ టర్న్ గోడ వైపు ఏటవాలుగా మొదలై, మధ్య వైపు ఏటవాలుగా ముగుస్తుంది. అదే మూలలో చేస్తే ముగింపు కొత్త దిశకి మళ్లీ గోడ వైపు ఏటవాలే అవుతుంది. అంటే మరో అడుగు కలపకుండానే ఇంకో నేచురల్ టర్న్ ఎత్తుకోవచ్చు. కొత్తవాళ్లకి ఇది ఎంత ధైర్యమో! మూల కాకుండా తిన్నగా సాగే గోడ పక్కన మాత్రం నేచురల్ ఒక్కటే సరిపోదు. మధ్య వైపు తిరిగి ఆగాక, మూడు అడుగుల క్లోజ్డ్ చేంజ్‌తో కాలు మార్చి రివర్స్‌లోకి వెళ్లాలి. అందుకే రివర్స్‌ని రెండోది చేయండి గానీ ఎన్నాళ్లో వాయిదా వేయకండి.

లెఫ్ట్ బాక్స్ టర్న్ అమెరికన్ స్టైల్ (బాల్‌రూమ్ నాట్యంలో ఒక పద్ధతి) తరగతుల్లో తొలినాళ్లలోనే వస్తుంది. 12 అడుగుల్లో నాలుగు పావులు, ఒక పూర్తి చుట్టు. కిక్కిరిసిన ఫ్లోర్ మీద దీన్ని మించింది లేదు. ఎడమకి తిరగడం ఎలా ఉంటుందో నెమ్మదిగా రుచి చూపిస్తుంది కూడా. కానీ ఇది ముందుకు సాగదు. హాలంతా చుట్టి రావడమే వాల్ట్జ్ ఆనందం అనుకునేవాళ్లకి ఇది చాలదు.

ఇక అందరి కన్నూ పడేది నేచురల్ స్పిన్ టర్న్ మీద. మొదటి మూడు అడుగులూ నేచురల్ టర్న్‌వే. తర్వాత లీడ్ చేసేవాళ్లు ఎడమ కాలి మీద అర చుట్టు పివట్ చేస్తారు, అంటే ఆ ఒక్క పాదం మీదే ఉండి తిరుగుతారు. అన్నీ కలిపి అవే ఆరు అడుగుల్లో ఒకటింపావు చుట్టు. చూడ్డానికి అందంగా ఉంటుంది, రివర్స్ చివరి మూడు అడుగుల్లోకి హాయిగా కలుస్తుంది. కానీ తొందరపడకండి. పివట్ అప్పుడు మోకాలు వంగి, ఒళ్లు కిందే ఉండాలి. పైకి లేవడం ఐదో అడుగు చివర్లోనే. నాలుగో అడుగుకే లేచిపోతే ఇద్దరి తూకం విడిపోతుంది. మామూలు నేచురల్ టర్న్‌లో మూడో అడుగు చివర మడమ నేలకి దించడం నిలకడగా వస్తోందా లేదా చూసుకోండి. అది వచ్చిన రోజున స్పిన్ టర్న్ మొదలుపెట్టండి.