యూకాన్ బాస్కెట్‌బాల్ రివ్యూ: అమ్మాయిలదా, అబ్బాయిలదా, ముందు ఏది చూడాలి?

అమెరికాలోని కనెక్టికట్ యూనివర్సిటీలో (అదే యూకాన్) సీటొచ్చి, క్యాంపస్ ఉన్న స్టోర్స్ అనే ఊరికి వెళ్ళేవాళ్ళు, హార్ట్‌ఫోర్డ్ వైపు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఒక్క గేమ్‌కే వెళ్ళే టైమ్ ఉంటే ఎవరిది చూడాలి అని అడుగుతుంటారు. నేనైతే అమ్మాయిల గేమే అంటాను. అబ్బాయిల టీమ్ తీసికట్టు అని కాదండోయ్, వాళ్ళకీ 6 నేషనల్ టైటిల్స్ (దేశంలోని కాలేజీ టీమ్‌ల టోర్నమెంట్ కప్పులు) ఉన్నాయి, కాకపోతే అమ్మాయిలకి 12.

జీనో ఆరియెమ్మా 1985లో కోచ్‌గా వచ్చినప్పుడు ఈ అమ్మాయిల టీమ్‌ని పట్టించుకున్నవాళ్ళే లేరు. పదేళ్ళకి, 1995లో, ఒక్క గేమ్ కూడా ఓడకుండా 35-0తో ఫస్ట్ టైటిల్ కొట్టారు. అక్కడ్నుంచి సూ బర్డ్, డయానా టొరాసీ, మాయా మూర్, బ్రియానా స్టువర్ట్ లాంటి స్టార్ ప్లేయర్లు వచ్చారు, స్టువర్ట్ అయితే చదివిన నాలుగేళ్ళూ నాలుగు టైటిల్సే. మధ్యలో వరసగా 111 గేమ్‌లు గెలిచి, 2017 సెమీఫైనల్లో మిసిసిపీ స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్ ఆఖరి షాట్‌కి ఓడిపోయారు. తర్వాత టైటిల్ కోసం చాలా ఏళ్ళు ఆగాల్సొచ్చింది, స్టార్ ప్లేయర్ పేజ్ బెకర్స్ మోకాలి ఆపరేషన్ వల్ల ఒక సీజన్ మొత్తం ఆడకుండా కూర్చుంది, చివరికి 2025లో సౌత్ కరోలినాని 82-59తో కొట్టి కప్పు తెచ్చుకున్నారు.

సరే, ఆట సంగతి. మీకు బాస్కెట్‌బాల్ కొత్తయితే అమ్మాయిల గేమ్‌లో ఎవరేం చేస్తున్నారో కంటికి తెలుస్తుంది, ఎందుకంటే ఇక్కడ డంకులు (ఎగిరి బాల్‌ని రింగులోకి కొట్టడం) దాదాపు ఉండవు, అంతా పాసింగ్, కటింగ్ (బాస్కెట్ వైపు చటుక్కున పరిగెత్తడం), స్క్రీన్ పెట్టి (డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి) ఓపెన్ షాట్ సృష్టించుకోవడం. బాల్ చేతిలో లేని నలుగుర్నీ చూడండి, ఒక్కళ్ళు కూడా ఊరికే నిలబడరు. రూల్స్‌లో తేడా కూడా ఉంది, అమ్మాయిలవి 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, టీమ్ ఫౌల్స్ లెక్క క్వార్టర్ క్వార్టర్‌కీ మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. అబ్బాయిలవి 20 నిమిషాల హాఫ్‌లు రెండు, ఫౌల్స్ హాఫ్ అంతా పోగవుతూ పోతాయి, లెక్క దాటితే అవతలి టీమ్‌కి ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోని షాట్లు), దాంతో ఆఖర్లో ఫౌల్, ఫ్రీ త్రో, టైమవుట్, మళ్ళీ ఫౌల్, ఆ రెండు నిమిషాలు ఎంతకీ అవవు బాబోయ్.

మైనస్ ఏంటంటే బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్‌లో (యూకాన్ ఆడే కాలేజీల లీగ్) అమ్మాయిలకి గట్టి పోటీ తక్కువ. చాలా గేమ్‌లు టెస్ట్ మ్యాచ్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచినట్టు ఉంటాయి, హాఫ్‌టైమ్‌కే తేలిపోతుంది. అందుకే షెడ్యూల్లో బయట కాన్ఫరెన్స్ పెద్ద టీమ్ ఎప్పుడు వస్తోందో చూసుకుని దానికే వెళ్ళండి, లేదంటే రిజర్వ్ ప్లేయర్స్‌ని చూసి రావడమే అవుతుంది (అదీ తప్పేం కాదు, వచ్చే ఏడాది స్టార్లు వాళ్ళే కదా).

టెన్షన్ కావాలంటే మాత్రం అబ్బాయిల గేమే. వాళ్ళ కోచ్ డాన్ హర్లీ 2018లో వచ్చాడు, సైడ్‌లైన్ మీద ఆయన గోల, రెఫరీలతో పేచీలు అదో సపరేట్ షో, కొందరికి నచ్చదు, నాకైతే భలే టైంపాస్. 2023, 2024 వరసగా రెండు టైటిల్స్, ఆ రెండు టోర్నమెంట్లలో ఆడిన 12 గేమ్‌లూ రెండంకెల తేడాతోనే గెలిచారు. 2024లో ఇల్లినాయ్ మీద వరసగా 30 పాయింట్లు కొట్టారు, అవతలోళ్ళకి ఒక్కటీ రాకుండా! అంతకుముందు కెంబా వాకర్ అనే ప్లేయర్ 2011లో బిగ్ ఈస్ట్ టోర్నమెంట్లో ఐదు రోజుల్లో ఐదు గేమ్‌లు గెలిపించి, ఆ ఊపులోనే నేషనల్ టైటిల్ కూడా తెచ్చాడు. అయితే ఈ ప్రోగ్రామ్‌కి ఒక మచ్చ ఉంది, ప్లేయర్ల చదువుల స్కోరు తక్కువైందని 2013లో పోస్ట్‌సీజన్ (సీజన్ చివరి టోర్నమెంట్లు) ఆడనివ్వలేదు. మరుసటి ఏడాదే వచ్చి కప్పు కొట్టారు, అది వేరే కథ. 2014లో అమ్మాయిలూ గెలిచారు, 2004లో కూడా ఇంతే, ఒకే ఏడాది రెండు కప్పులూ ఒకే యూనివర్సిటీకి.

రేటింగ్ అడిగితే అమ్మాయిలకి 5కి 4.5, అబ్బాయిలకి 4. ఆ అర మార్కు హర్లీ అరుపులకి కోసింది కాదు, ఆఖరి రెండు నిమిషాల సాగదీతకి.

వెళ్ళేముందు గేమ్ ఎక్కడో చూసుకోండి. కొన్ని క్యాంపస్‌లోని గ్యాంపెల్ పెవిలియన్‌లో, కొన్ని హార్ట్‌ఫోర్డ్ డౌన్‌టౌన్ అరేనాలో జరుగుతాయి, రెంటికీ మధ్య అరగంట పైనే డ్రైవ్. ఛాయిస్ ఉంటే గ్యాంపెల్‌కే, 10 వేల పైచిలుకు సీట్లే కాబట్టి స్టూడెంట్స్ "యూ-సీ-ఓ-ఎన్-ఎన్" అని అరుస్తుంటే డోమ్ కింద చెవులు గింగిర్లెత్తిపోతాయి. సీజన్ నవంబర్‌లో మొదలై చలికాలమంతా ఉంటుంది, స్టోర్స్ పల్లెటూరి టైపు, మంచు పడిన రాత్రి రోడ్లు చూసుకుని కాస్త ముందే బయల్దేరండి.