ఎన్‌క్రిప్షన్ ఉందని చెప్పి అమ్మారు, లేదు: ల్యాబ్ నడిపే మిత్రులకు హెచ్చరిక

రిపోర్టులను ఈమెయిల్లోనూ వెబ్ పోర్టల్లోనూ ఎన్‌క్రిప్షన్‌తో, అంటే దారిలో ఎవరూ చదవలేని గుప్త రూపంలో, భద్రంగా పంపిస్తామంటూ మన ల్యాబులన్నీ తిరుగుతున్న ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ ఏదో మీకు చెప్పనవసరం లేదు. మొన్నటి సదస్సులో గుమ్మం పక్కన బల్ల వేసుకుని అందరికీ పెన్నులు పంచింది వారే. ఆ పెన్నుతోనే నేను ఏడాదికి 46,000 రూపాయల చెక్కు రాశాను. వారి కరపత్రం మీద 'హిపా సర్టిఫైడ్' అని బంగారు రంగు ముద్ర ఉంది. హిపా అనేది రోగుల సమాచార గోప్యతను కాపాడే 1996 నాటి అమెరికా చట్టమనీ, అక్కడి ప్రభుత్వం ఏ సాఫ్ట్‌వేర్‌కూ అటువంటి ధ్రువపత్రం ఇవ్వదనీ నిన్న రాత్రి తీరిగ్గా చదువుకున్నాను. చెక్కు రాసే ముందు చదవవలసింది.

నిన్న ఉదయం ఒక యువకుడు వచ్చి, మాటా పలుకూ లేకుండా తన ఫోను నా బల్ల మీద పెట్టాడు. పెళ్లికి ముందు చేయించుకున్న హెచ్‌ఐవీ పరీక్ష రిపోర్టు అది. మేము పంపిన ఆ మెయిల్ వివరాల్లో జీమెయిల్ ఎర్రటి తెరిచిన తాళం బొమ్మ చూపిస్తూ, పంపిన సర్వర్ ఈ సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేయలేదని చెబుతోంది. ఫలితం నెగెటివే. అయినా పరీక్ష చేయించుకున్న సంగతే ఎవరికీ తెలియకూడదనుకున్న మనిషి అతను. ఆ గోప్యతను కాపాడే బాధ్యతను 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం మన మీదే పెట్టింది.

వెంటనే ఆ సంస్థ మేనేజరుకు ఫోన్ చేశాను. అవతలి సర్వర్ టీఎల్‌ఎస్‌కు, అంటే దారిలో మెయిల్‌ను గుప్తంగా ఉంచే పద్ధతికి, సిద్ధంగా ఉన్నా, పంపే సర్వర్ స్టార్ట్‌టీఎల్‌ఎస్ అనే ఆదేశం ఇస్తేనే మెయిల్ గుప్తంగా వెళ్తుంది, లేకుంటే విప్పిన ఉత్తరంలా వెళ్తుంది. మా సర్వర్ ఆ ఆదేశం ఇవ్వడమే లేదు. ఎందుకని అడిగితే ఆయన నవ్వారు. "మెయిళ్లు ఆగిపోతున్నాయని మేమే ఆపేశామండీ. అయినా డాక్టర్ గారూ, మీ ఊళ్లో ఎవరికి షుగరెంతుందో హ్యాకర్లకెందుకు చెప్పండి?" అన్నారు. ఫోను స్పీకరులో ఉంది, ఆ అబ్బాయి నా ఎదురుగానే కూర్చున్నాడు, ఆ నవ్వు అతనూ విన్నాడు. నేను తలెత్తలేకపోయాను. మరో 12,000 కడితే 'ప్రీమియం' కింద ఎన్‌క్రిప్షన్ తిరిగి పెడతామని ఆయన ఎంతో ఉదారంగా సెలవిచ్చారు.

పోర్టల్ చిరునామా ముందు, వెబ్‌సైటుతో మన సంభాషణ గుప్తమని తెలిపే హెచ్‌టీటీపీఎస్ కనిపించగానే మెయిల్ కూడా అంతే భద్రమనుకోవడం నా తెలివితక్కువతనం. ఆ హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన పోర్టల్ సర్టిఫికెట్‌కు వారు వేసిన బిల్లు 14,000 రూపాయలు. తెరిచి చూస్తే అది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఎవరికైనా ఉచితంగా ఇచ్చేది. సర్టిఫికెట్ మంచిదే, నా బాధంతా బిల్లు గురించే. ఇక నేను సంతకం చేసిన ఒప్పందం వెతికి చూస్తే, కరపత్రంలో నాలుగుచోట్ల ఉన్న ఎన్‌క్రిప్షన్ అనే మాట అందులో ఒక్కచోటా లేదు.

డబ్బు కట్టకముందే వారి డెమో నుంచి మీ సొంత జీమెయిల్‌కు ఒక ఉత్తుత్తి రిపోర్టు పంపించుకుని తాళం చూడండి. టీఎల్‌ఎస్ ఉన్నా అది దారిలో మాత్రమే కాపాడుతుంది, సర్వర్లలో రిపోర్టు విప్పే ఉంటుంది కనుక, సున్నితమైన వాటిని మెయిల్‌కు జతచేయకుండా ఓటీపీతో తెరుచుకునే లింకు పంపడం మేలు. నేను మాత్రం ఈ ఉదయం నుంచి హెచ్‌ఐవీ రిపోర్టులను కవరులో పెట్టి చేతికే ఇస్తున్నాను.