పన్నెండేళ్లుగా మా ఇంట్లో ఆసు యంత్రం: వాడినవాళ్ల మాట

మా ఇంటికి లక్ష్మీ ఆసు యంత్రం వచ్చి పన్నెండేళ్లు దాటింది. కొనాలా వద్దా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి నా అనుభవం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆసు తెలియనివాళ్లకు ముందు అదేంటో చెప్పాలి. పోచంపల్లి పట్టుచీరలో డిజైన్ నేశాక అద్దింది కాదు. నేయకముందే పేక (అడ్డంగా నేసే) దారానికి చిటికి కట్టి, అంటే డిజైన్ ప్రకారం అక్కడక్కడ గట్టిగా బిగించి కట్టి రంగులో ముంచుతాం, కట్టిన చోట రంగు పట్టదు. అలా కట్టాలంటే ముందు దారాన్ని చట్రం మీద లెక్క తప్పకుండా పరచాలి. ఇటువైపు ఒక్క పుల్ల, ఎదురుగా సగం చందమామలా వరసగా పుల్లలు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చెయ్యి ఊపుతూ పోగు తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని. మా ఇళ్లలో మగ్గం మగవాళ్లది, ఆసు ఆడవాళ్లది.

పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి పదకొండేళ్లు చేత్తోనే పోశాను. రాత్రి కుడివైపు తిరిగి పడుకోలేకపోయేదాన్ని. మా అత్తమ్మ పరిస్థితి ఇంకా ఘోరం. చెయ్యి తలదాకా లేవక జడ నాతో వేయించుకునేది. "నా చెయ్యి ఆసుకే పోయింది బిడ్డా" అనేది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారికి కూడా ఈ యంత్రం ఆలోచన వాళ్లమ్మ లక్ష్మి గారి నొప్పి చూసే తోచింది. ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి, 1992లో మొదలుపెట్టి 1999లో యంత్రాన్ని పూర్తి చేశారు. తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చిన రోజు మా వీధిలో స్వీట్లు పంచుకున్నాం.

ఇక వాడకం. చీరకు గంటన్నర పడుతుంది. దారం ఎక్కించి, లెక్క పెట్టి, స్విచ్ వేస్తే చట్రం మీద పోగు దానంతట అదే పుల్ల పుల్లకూ చుట్టుకుంటూ పోతుంది. అలాగని వదిలేసి వంటింట్లోకి పోవడానికి లేదు. పట్టు సన్నగా ఉంటే తెగుతుంది. తెగిన చోటే అందుకుని ముడి వేయాలి. ఒక్క పోగు లెక్క తప్పినా చిటికి కట్టాక గీత పక్కకు జరిగి, మగ్గం మీద డిజైన్ అంచు చెదురుతుంది. మొదటి నెలలో మూడు చీరలకు అలా అయింది. అది మా చేతి పొరపాటు. అలవాటయ్యాక మళ్లీ కాలేదు.

నాకు నొప్పి పూర్తిగా పోలేదు, పాతది మిగిలింది. కానీ పెరగలేదు. మా కోడలికి ఆ నొప్పి అంటేనే తెలియదు. ఈ ఒక్క మాట చాలు నాకు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. ఇదివరకు రోజుకు రెండు చీరల ఆసు పోస్తే గొప్ప. ఇప్పుడు మా పని అయ్యాక పక్కింటివాళ్లకూ పోసిస్తున్నాం. మిగిలిన టైమ్‌లో మా ఆయన కొత్త డిజైన్లు గ్రాఫ్ కాగితం మీద గీస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు. బజార్లో మా ఇక్కత్ (ఇలా దారానికే రంగు అద్ది నేసే) బొమ్మను ప్రింట్ కొట్టిన చీరలు మా ధరలో పదో వంతుకు దొరుకుతున్నాయి. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు వచ్చిన జీఐ (భౌగోళిక) గుర్తింపు పేరును కాపాడుతుంది గానీ, కొనేవాళ్లను తెచ్చివ్వదు. వాళ్లు ప్రింట్ కొట్టేలోపు మేం ఇంకో డిజైన్‌కు పోవాలి. దానికి టైమ్ కావాలి, ఆ టైమ్ ఈ యంత్రం ఇచ్చింది.

ఇబ్బంది పడింది రిపేర్ దగ్గర. నాలుగో ఏడు ఎండాకాలం లో-వోల్టేజీకి లోపలి బోర్డు కాలిపోయింది. దగ్గర్లోని మెకానిక్ మోటారు చూడగలిగాడు, బోర్డు ముట్టుకోనన్నాడు. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్. మూడు వారాలు మళ్లీ చేత్తో పోశాను. రాత్రిళ్లు ఏడ్చాను కూడా.

ఆవిష్కరణల్లో ప్రపంచ సూచీలో మన దేశం 2015లో 81వ స్థానంలో ఉండి, 2024కు 39కి వచ్చిందని మా అబ్బాయి చదివి వినిపించాడు. సంతోషమే. కానీ పరిశోధన మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉందట. నాకు మల్లేశం గారి ఏడేళ్లు గుర్తొచ్చాయి. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్, పల్లె సృజన లాంటి సంస్థల తోడు ఆయనకు యంత్రం తయారయ్యాకే దొరికింది. తయారుచేస్తున్నన్నాళ్లు చేతిలో డబ్బు లేదు, పనిముట్లు లేవు. 1992లోనే ఆలేరులో ఒక లేత్ మెషీన్, ఓ ఎలక్ట్రీషియన్, కొంత డబ్బు అందుబాటులో ఉండి ఉంటే ఆ ఏడేళ్లు రెండేళ్లయ్యేవి. ఆ తేడాలో మా అత్తమ్మ లాంటివాళ్ల భుజాలు ఎన్ని మిగిలేవో. దేశం పోటీలో నిలబడాలంటే పెద్ద ల్యాబులు కావాలి, ఒప్పుకుంటాను. మగ్గాలున్న ఊరి పక్కన ఐటీఐలో ఈ బోర్డు రిపేర్ నేర్పడం కూడా అంతే అవసరమని గట్టిగా నమ్ముతున్నాను.

కొనేవాళ్లకు నా సలహా: ఒక్క మగ్గం ఉన్న ఇల్లయితే ఇద్దరు ముగ్గురు కలిసి కొనండి, యంత్రం ఖాళీగా ఉండదు. స్టెబిలైజర్ మొదటి రోజే పెట్టించండి, మేం కాలిపోయాక పెట్టించాం. ముడి వేయడం ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి. మా కోడలు ఇప్పుడు బోర్డు మీది ఫ్యూజు తనే మారుస్తోంది.