ఆర్‌సింక్: పాతవి పోవాలి, నావి మాత్రం ఉండాలి

రెండు మూడు మెషీన్లలో ఒకే ఫోల్డర్ ఒకేలా ఉంచడానికి ఏళ్ల తరబడి ఆర్‌సింక్ వాడుతున్నాను. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ మొదలుపెట్టిన టూల్ ఇది. విండో ఉండదు, బటన్లు ఉండవు, అంతా కమాండ్ లైనే, అంటే ఆదేశాలు టైప్ చేసి నడపాలి. అయినా వదల్లేదు. ఏది పోవాలో, ఏది పోకూడదో ఇంత వివరంగా చెప్పే వీలు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మామూలుగా నడిపితే ఇది దేన్నీ డిలీట్ చేయదు. కొత్తవి, మారినవి పంపుతుందంతే. ఇవతల తీసేసినవి అవతల కూడా పోవాలంటే డిలీట్ ఆప్షన్ ఇవ్వాలి. టెన్షన్ మొదలయ్యేది అక్కడే. అవతలి మెషీన్‌లో దాని సొంత సెట్టింగ్స్ ఫైల్, లాగ్స్ ఫోల్డర్ ఉంటాయి. అవి ఇవతల ఉండవు కాబట్టి ఆర్‌సింక్ లెక్కలో అదనపు సరుకే, తుడిచేస్తుంది.

దీనికి అందరూ చెప్పేది ఎక్స్‌క్లూడ్. అది రెండు పనులు కలిపి చేస్తుంది: ఆ పేరున్న ఫైల్‌ను ఇవతలి నుంచి పంపదు, అవతల ఉన్నదాన్ని డిలీట్ కానివ్వదు. చాలామందికి ఇది చాలు. నాకు చాల్లేదు. టెంప్ ఫైళ్లు (తాత్కాలికంగా పుట్టేవి) ఇటునుంచి వెళ్లకూడదు, అటు పేరుకున్నవి కూడా పోవాలి, సెట్టింగ్స్ ఫైల్ మాత్రం కదలకూడదు. డిలీట్ ఎక్స్‌క్లూడెడ్ ఆప్షన్ ఇస్తే టెంప్ ఫైళ్లు పోతాయి, కానీ ఎక్స్‌క్లూడ్ ఇచ్చే రక్షణ కూడా పోతుంది.

అప్పుడు పనికొచ్చేది ఫిల్టర్‌లోని (ఏ ఫైల్‌ను ఏం చేయాలో చెప్పే రూల్స్ రాసే ఆప్షన్) ప్రొటెక్ట్ రూల్. పెద్ద 'పీ' అక్షరం, ఒక ఖాళీ, ఆ తర్వాత ఫైల్ పేరు, అంతే. ఇది డిలీట్ నుంచి మాత్రమే కాపాడుతుంది. అదే పేరుతో ఇవతల వేరే ఫైల్ ఉంటే దాన్ని పంపి పాతదాని మీద రాసేస్తుంది. అదీ వద్దనుకుంటే పక్కనే ఎక్స్‌క్లూడ్ కూడా రాయాలి. పేరు ముందు స్లాష్ పెడితే సింక్ చేసే ఫోల్డర్ పైమెట్టులో ఉన్నదానికే రూల్ వర్తిస్తుంది. స్లాష్ లేకపోతే ఎంత లోపల ఉన్నా వర్తిస్తుంది.

కొత్త రూల్ రాసిన ప్రతిసారీ డ్రై రన్ చేయాల్సిందే. ఏ ఫైలూ కదలదు, ఏం జరగబోతోందో వరసలుగా చూపిస్తుంది. మార్పుల వివరాలిచ్చే ఆప్షన్ కూడా కలిపితే, పోబోయే ఫైళ్ల ముందు నక్షత్రం గుర్తు, డిలీటింగ్ అనే మాట కనిపిస్తాయి. నేను ముందు చదివేది ఆ వరసలే.

ఇంకో గండం ఉంది. సోర్స్ డిస్క్, అంటే ఇవతలి ఫైళ్లున్న డిస్క్, మౌంట్ కాకపోతే (సిస్టమ్‌కు కలవకపోతే) దాని చోట ఖాళీ ఫోల్డర్ మిగులుతుంది. సోర్స్ చదవడంలో ఎర్రర్ వస్తే ఆర్‌సింక్ తనంతట తానే డిలీట్లు ఆపేస్తుంది, కానీ ఖాళీ ఫోల్డర్ ఎర్రర్ కాదు కదా! ఇవతల ఏమీ లేదనుకుని అవతలంతా ఊడ్చేస్తుంది. అందుకే మ్యాక్స్ డిలీట్ ఆప్షన్‌తో ఒక హద్దు పెడతాను. 50 అని ఇస్తే 50 దాటాక ఇక డిలీట్ చేయదు, చివర్లో 25 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. నా స్క్రిప్ట్ ఆ కోడ్ చూడగానే నాకు మెసేజ్ పంపుతుంది. పైగా బ్యాకప్ డైరెక్టరీ ఇచ్చి ఉంచుతాను, పోయేవీ మారేవీ ముందు అందులోకి చేరతాయి. దాన్ని సింక్ ఫోల్డర్ బయట పెట్టుకోవడం మేలు.

విసిగించేదీ ఒకటుంది. ఇవతల ఒక ఫోల్డర్ మొత్తం తీసేశాక, అవతల దానిలోపల రక్షిత ఫైల్ ఉంటే ఆ ఫోల్డర్ ఖాళీగా లేదు, తీయలేనంటూ ప్రతిసారీ చెబుతుంది. నష్టం లేదు గానీ లాగ్ నిండిపోతుంది.

రెండు వైపులా ఎడిట్ చేసేవాళ్లకు ఆర్‌సింక్ సరిపడదు, ఇది ఒక దిక్కు నుంచే నడుస్తుంది. వాళ్లకు రెండు వైపులా సింక్ చేసే యూనిసన్ గానీ సింక్‌థింగ్ గానీ నయం. సింక్‌థింగ్‌లో డిలీట్లను పట్టించుకోవద్దనే సెట్టింగ్ ఉంది, అయితే అది ఫోల్డర్ మొత్తానికీ వర్తిస్తుంది, ఒక్కో ఫైల్‌కి విడిగా పెట్టలేం. అందుకే అక్కడ నేను పోకూడని ఫైళ్లను సింక్ ఫోల్డర్‌లోనే పెట్టను.